నాలుగెద్దుల మోట

పదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. అందులో హైదరాబాదు సంస్థానం పాఠం నాలుగు పేజీలు. సైన్య సహకార ఒప్పందం, రెసిడెంటు, జాగీర్లు, చివర పోలీస్ యాక్షన్. పిల్లలకు ఆవులింతలు వచ్చేవి. వాళ్ళను అనడం ఎందుకు, నాకే వచ్చేవి. అందుకని పుస్తకం మూసేసి, ఎవరు ఎవరి ముందు చెప్పులు విడిచారో రాసుకోండి అనేదాన్ని. మా ఊరు దొర ముందు విడిచింది. మా దొర నల్లగొండలో పెద్ద అధికారి ముందు విడిచాడు. ఆ అధికారి పట్నంలో నిజాం సర్కారు ముందు విడిచాడు. ఆ సర్కారుకు సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా బిళ్ళ అన్నీ ఉన్నాయి, కాని రెసిడెన్సీలో కూర్చున్న తెల్లవాడు కాదంటే తన దివానును తాను పెట్టుకోలేడు. ఇంత చెప్పేసరికి వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, "టీచర్, గప్పుడు మీరున్నరా?" అని. "ఉన్న. నా చెప్పులు చేతిల ఉండె" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు, అంతలో గంట కొట్టేవారు. మిగతా కథ ఎప్పుడూ మిగిలిపోయేది.

మాది కట్టంగూర్‌కు రెండు కోసుల లోపలి ఊరు. మేం మాదిగలం. మా వాడలో తోలు పని చేసే ఇళ్ళు మూడే. ఎవరింటి తోలు పని ఎవరు చేయాలో తాతల నాడే పంచుకున్నారు. రెండిళ్ళ వాళ్ళకు ఊరి కాపులు వచ్చారు. కాపులు పంట చేతికొచ్చిన రోజు కల్లంలోనే వాళ్ళకు గింజలు పెట్టేవాళ్ళు. మా ఇంటి వంతుకు గడి వచ్చింది. గడి అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు. గడి పని వెట్టి. పిలిస్తే పోవాలి, చేయాలి, రావాలి. కూలీ అనే మాట లేదు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, "మన తాత వాటా పంచుకున్ననాడు కండ్లు మూసుకున్నట్టున్నడు" అనేది. అమ్మ, అవ్వ కాపుల చేలల్లో కూలికి పోతేనే మా పొయ్యి వెలిగేది.

నాయిన గడికి చెప్పులు, పగ్గాలు, కొరడాలు చేసేవాడు. కాని అసలు పని మోటలు. కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళు తోడింది మోటలే. తోలుతో కుట్టిన పెద్ద సంచి, దాని కింద నీళ్ళు కుమ్మరించే తొండం. తాడు కట్టి ఎద్దులను ఏటవాలు దారిలో కిందికి తోలితే మోట పైకి వస్తుంది. దొర బావులు లోతైనవి, వాటికి నాలుగెద్దుల మోటలు. నాయిన పదమూడో ఏట నుంచి కుట్టింది అవే. తన తండ్రి కుట్టిందీ అవే. కొలతకు ఒక పుల్ల కూడా ఉండేది కాదు, జానలతో వేసుకునేవాడు. గడి పని ఇంత బాగా చేసేవాడికి కాళ్ళకు చెప్పులు లేవు. ఎందుకని అడిగితే, గడి ముందుకు రాగానే విడిచి చేత పట్టుకోవాలి, రోజుకు పదిసార్లు విడిచేదానికి తొడుక్కోవడం ఎందుకు అనేవాడు. అది నిజమే. ఆడా మగా, పిల్లా జెల్లా, గడి తలుపు దాటేదాకా ఎవరి చెప్పులు వాళ్ళ చేతిలోనే.

దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం వచ్చింది. సంఘం గురించి పుస్తకాల్లో చాలా ఉంది, నేను చూసింది మాత్రం రెండే సంగతులు. ఒకటి, వెట్టి బంద్ అయింది. రెండు, దొర పట్నం పారిపోయాడు. ఆయన పోయాక గడి బంజరు పంచారు. మాకు రెండెకరాలు వచ్చాయి, అందులో ఒక పాడుబడ్డ బావి. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఆ బావిలో పూడిక తీశాం. నాకు ఎనిమిదేళ్ళు. గంపలో మట్టి ఎత్తిపోస్తుంటే అడుగున చెమ్మ తగిలింది. నాయిన ఆ తడి మట్టి పిడికెడు తీసి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ వాసన చూసింది. "ఒక్క పంట రా కొడుకా. మన బాయి నీళ్ళ, మన పంట, ఒక్కసారి తిని సస్త" అన్నది. ఆ మాట నాయినను పట్టుకుంది. ఆ యేడు మా ఇంట్లో ఏం మాట్లాడుకున్నా ఆ ఒక్క పంట దగ్గరికే వచ్చి ఆగేది.

ఆ రోజుల్లోనే గడిలో ఒక ఎద్దు చచ్చిపోయింది. దొర లేడు, ఉన్న జీతగాళ్ళు నాయినకు కబురు పెట్టారు. చచ్చిన పశువు తోలు ఆ ఇంటి తోలు పని చేసేవాడిది, ఊరి ఆచారం అది. నాయిన ఆ తోలు తెచ్చి సున్నంలో వేసి, వెంట్రుక గీకి, లందలో పెట్టాడు. లంద అంటే తంగేడు చెక్క నీళ్ళలో తోలు ఊరబెట్టే తొట్టి. దాని వాసన గురించి చెప్పను, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నెల దాటాక తోలు తీసి మూడు రోజులు కూర్చుని మోట కుట్టాడు. మా సొంత బావికి మొదటి మోట. మా ఎద్దు ఒకటి, పక్క చేను కాపాయన ఎరువిచ్చిన ముసలి ఎద్దు ఒకటి, రెండింటినీ కట్టాడు. నీళ్ళలో ముంచి తోలాడు. ఎద్దులు రెండడుగులు వేసి ఆగిపోయాయి. అదిలించాడు. ముసలి ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. మోట బావిలో ఎక్కడిదక్కడే ఉంది.

సంగతి ముందు అవ్వకు అర్థమైంది. నాయిన కుట్టింది నాలుగెద్దుల మోట. కుట్టేది తన బావికని తెలుసు, కట్టేది రెండు ఎద్దులనీ తెలుసు. చేతులకు మాత్రం దొర కొలత తప్ప ఇంకో కొలత రాదు. అవ్వ బావి గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏంది కొడుకా, మోట కుట్టినవా, గుడారం కుట్టినవా? ఏనుగులను తోలుతవనుకున్నవా?" అన్నది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన మాత్రం తన చేతుల వైపు చాలాసేపు చూసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు, ఆయనను చూస్తే భయమేసింది.

మర్నాడు మోట విప్పాడు. తన చేత్తో ఊరబెట్టిన తోలును మూడో వంతు కోసేశాడు. కాపుల పని చేసే రెండిళ్ళ వాళ్ళలో ఒకాయన దగ్గరికి పోయి చిన్న మోట కొలత అడిగి తెలుసుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో అంతటి పనివాడు, పోయి అడిగాడు. కోసిన ముక్కలో కొంత తీసి నాకు చెప్పులు కుట్టాడు. అవి నా మొదటి చెప్పులు. మిగిలిన ముక్క దూలానికి వేలాడదీశాడు. చేనుకు పోయే దారి గడి ముందు నుంచే. దొర లేకపోయినా నేను అక్కడికి రాగానే చెప్పులు విడిచి చేత పట్టుకునేదాన్ని. చెప్పవలసిన పని లేకుండానే పట్టుకునేదాన్ని.

వానలు పడ్డాయి. బావి కింద ఇరవై గుంటలు వరి వేశాం, మిగతాది జొన్న. మధ్యలో రజాకార్లు రెండుసార్లు ఊరి మీద పడ్డారు. ఒకసారి మా వాడలో నాలుగిళ్ళు కాలాయి. అది ఇంకో కథ, దాన్ని చెప్పడానికి నాకిప్పటికీ మనసు రాదు. తర్వాత ఒకరోజు కట్టంగూర్ రోడ్డు మీద మిలిటరీ లారీలు వస్తున్నాయని ఊరు ఊరంతా పరుగెత్తింది. లారీ వెనక లారీ, పట్నం వైపు. నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడు. ఎవరో నా చేతిలో బెల్లం ముక్క పెట్టారు. నాలుగైదు రోజుల్లో నిజాం సర్కారు లొంగిపోయిందన్నారు. ఇక మనదే రాజ్యం అని రాత్రీ పగలూ డప్పులు కొట్టారు. మా లెక్క ప్రకారం పై మెట్టు కూలితే కింది మెట్లన్నీ కూలినట్టే.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నెల తిరక్కముందే దొర వచ్చాడు. జీపులో వచ్చాడు, మిలిటరీ జీపు వెనకాలే. శేర్వానీ పోయింది, ఖద్దరు పంచె, తెల్ల టోపీ వచ్చాయి. నేను గుర్తుపట్టలేదు, మెడ తిప్పే తీరు చూసి అవ్వ గుర్తుపట్టింది. మిలిటరీవాళ్ళు సంఘంలో తిరిగినవాళ్ళను పట్టుకుని క్యాంపుకు తీసుకుపోయారు. మా వాడలో మిగతా రెండు తోలు పని ఇళ్ళ మగవాళ్ళూ అందులో పోయారు. నాయిన కష్టం తప్ప మీటింగులు ఎరగనివాడు కనుక మిగిలాడు. పంచిన భూములన్నీ వెనక్కి అన్నారు.

మా చేనుకు సేరిదారు వచ్చాడు. అంటే దొర సొంత సేద్యం చూసేవాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అప్పటికి మా వరి పొట్టమీద ఉంది.

"భూమి దొరది. తెలుసు గద?" అన్నాడు.

"తెలుసు అయ్యా" అన్నాడు నాయిన.

"ఈ మోట ఎవరిది?"

"నేనే కుట్టిన."

"తోలు ఎవని ఎద్దుదిరా? గడి ఎద్దుది. మోట గడిదే" అని విప్పించి బండిలో వేయించుకుని పోయాడు. గట్టు మీద నేను, అమ్మ, నాయిన నిలబడి ఉన్నాం. వరికి నీళ్ళు లేకపోతే పొట్టలోనే తాలు పోతుంది. పది రోజులు చాలు. అమ్మ ఆ రోజు కుండతో నీళ్ళు తోడి పోయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఒక మడి మూల తడిసింది. అమ్మ కూర్చుని ఏడ్చింది. నాకు ఆ సేరిదారును చంపాలనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్లకు అట్లా అనిపిస్తుందా అంటే, అనిపిస్తుంది.

మూడో రోజు గడి నుంచి నాయినకు పిలుపు వచ్చింది. నన్ను కూడా వెంట తీసుకుపోయాడు, చిన్నపిల్ల వెంట ఉంటే కొట్టరని ఆయన లెక్క. దొర వరండాలో కూర్చున్నాడు. నాయిన రుమాలు చంకలో పెట్టుకుని వంగాడు. నేను చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. సంగతి ఏమిటంటే, దొర లేనన్నాళ్ళూ గడి మోటలకు ఆముదం పట్టించినవాడు లేడు. ఎండి, పగిలి, ఎలుకలు కొరికి అన్నీ పాడయ్యాయి. మా మోట తీసుకుపోయి నాలుగెద్దుల బావికి కట్టారు. ఎద్దులు తేలిగ్గా లాగేశాయి, కాని ఆ నీళ్ళు కాలువలో సగం దూరం కూడా పారలేదు. దొర చెరుకు ఎండుతోంది.

"గిదేం మోటరా, పిల్లలాట మోట?" అన్నాడు దొర. "మా కొలతకు కొత్తది కుట్టు. ఎన్ని దినాలు పడ్తది?"

"గడిల సచ్చిన ఇంకో ఎద్దు తోలు లందల ఉంది దొరా. నెల దాటుతది" అన్నాడు నాయిన.

"నెలనా?"

"పచ్చి తోలుతోని కుడితే పది దినాలకు మురుగుతది, బాంచెన్. కట్టంగూర్ నుంచి వేరేటోన్ని పిలిపిస్తమంటే పిలిపియ్యండి. నాలుగెద్దుల మోట కుట్టేటోడు ఈ చుట్టు ఇంకోడు లేడు."

అది గొప్ప చెప్పుకోవడం కాదు, నిజం. దొరకూ తెలుసు. నాయిన తల ఎత్తకుండానే అన్నాడు, "చిన్న మోట మీకు అక్కెరకు రాదు దొరా. నాకిస్తే వరి కోసుకుంట. ఒక్క పంట. కోసుకోని భూమి ఇడుస్త."

దొర నవ్వాడు. దయతో కాదు, బేరం నచ్చి. "సరే. చిన్న మోట తీస్కపో, నా మోట వచ్చేదాక భూమిల ఉండు. మోట వచ్చిన దినం భూమి నాది, దాని మీద ఏమున్నా నాదే. కోసినవా, నీ నసీబు. కోయలేదా, అదీ నీ నసీబే."

గడి దాటాక నేను అడిగాను, "నాయినా, తోలు ఏసి ఇరవై దినాలాయె గద? నెలెట్ల పడ్తది?"

"చెప్పులు తొడుక్కో. ముండ్లున్నయి" అన్నాడు. నాయిన అబద్ధమాడగా నేను విన్నది అదే మొదలు.

ఆ తర్వాత మా ఇంట్లో రెండు చోట్ల చూపు ఉండేది. ఒకటి వరి మీద, ఒకటి లంద మీద. వరి ఈనింది, పాలు పోసుకుంది. సేరిదారు రెండు రోజులకొకసారి ముక్కుకు గుడ్డ కట్టుకుని లంద దగ్గరికి వచ్చేవాడు. తోలు ఊరిందో లేదో తెలియాలంటే అంచు కోసి చూడాలి. లోపలి దాకా ఎర్రగా ఉంటే అయినట్టు, నడుమ తెల్లగీత ఉంటే పచ్చిది. నాయిన ప్రతిసారీ మెడ దగ్గర కోసి చూపేవాడు. ఎద్దు మెడ తోలు దళసరి, అన్నిటికన్నా చివర ఊరేది అదే. "సూడుండ్రి అయ్యా, తెల్లగున్నది" అనేవాడు. పేగులు లెక్కపెట్టేవాడికి తోలు లెక్క రాలేదు. అవ్వ పక్కనే కూర్చుని, "జర దగ్గరికొచ్చి సూడు పటేలా" అని పిలిచేది. అతను దగ్గరికి వచ్చేవాడు కాదు.

నెల దాటింది. వీపు తోలు ఎప్పుడో అయిపోయింది, మెడ కూడా ఎర్రబడింది. ఇక కోసి చూపడానికి తెల్లగీత ఎక్కడా లేదు. వరి పచ్చపడుతోంది గాని కోతకు రాలేదు. సరిగ్గా అప్పుడే సేరిదారు కట్టంగూర్ వైపు నుంచి తోలు తెలిసిన ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు. మా కులపాయనే, ముసలివాడు, మాకు ముఖపరిచయం కూడా లేదు. నాయిన ముఖం నల్లబడింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గోడకు ఆనుకుంది.

ఆయన లందలో చెయ్యి పెట్టి తోలు తీశాడు. మెడ ముట్టుకోలేదు, నేరుగా వీపు దగ్గర కోశాడు. కోసిన అంచు నేను చూశాను. ఎర్రగా, ఒక్క గీత లేకుండా ఉంది. ఆయన దాన్ని బొటనవేలితో రుద్దాడు. నాయిన వైపు చూశాడు. గోడకు ఆనుకున్న అమ్మను చూశాడు. మా గుడిసె వెనక దూరంగా కనిపిస్తున్న పొలం వైపు కూడా చూశాడనుకుంటాను. ఆ తెగిన అంచును పిడికిట్లో మూసి తోలు మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు.

"ఇంక ఎనిమిది దినాలు కావాలె" అన్నాడు సేరిదారుతో. "తొందరపెడితే మీకే నష్టం."

చేతులు కడుక్కోవడానికి అమ్మ నీళ్ళు పోసింది. ఆయన పేరు మేం అడగలేదు. ఆయనా మా పేర్లు అడగలేదు. సేరిదారు వెనకాల నడిచి పోయాడు. అవ్వ బతికున్నన్నాళ్ళూ ముద్ద కలిపే ముందు, "కట్టంగూరోడు సల్లగుండాలె" అనేది.

ఏడో రోజు వరి కోశాం. వాడ ఆడవాళ్ళంతా పిలవకుండానే వచ్చారు. క్యాంపుల్లో ఉన్నవాళ్ళ పెళ్ళాలు, తల్లులు కూడా వచ్చారు. తెల్లవారి మొదలుపెట్టి పొద్దు గూకేలోపు కోసి, మోసి, వాడలోకి చేర్చాం. కోసిన వరి పనలు ఇంకా పచ్చిగా ఉండగానే అవ్వ కొన్ని గింజలు చేత్తో నలిపి, దంచి, వండింది. కూర లేదు, ఉప్పు కలిపింది. మొదటి ముద్ద నాయిన నోట్లో పెట్టింది. ఆయన నమలలేదు. కండ్ల నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నాకు మాత్రం ఆకలి, నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. అంత మంచి అన్నం నేను మళ్ళీ తినలేదు. ఇది ముసలితనపు మాట కాదు, అప్పుడే అనిపించింది.

తర్వాత నాయిన కూర్చుని దొర మోట కుట్టాడు. జానలతోనే కొలిచాడు, కుట్టు కుట్టుకూ మైనం రాశాడు, తొండం మడత రెండుసార్లు విప్పి సరిచేశాడు. నాకు ఒళ్ళు మండింది. "మన భూమి గుంజుకునేటోనికి గింత మంచిగ కుట్టుడెందుకు?" అన్నాను. "పనిల దొంగతనం నాకు రాదు బిడ్డా. లందల చేసింది చాలు" అన్నాడు. ఆ మాటకు నాకిప్పటికీ కోపం, ఇప్పటికీ గౌరవం. రెండూ అట్లాగే ఉన్నాయి.

మోట ఇచ్చిన రోజు భూమి పోతుంది, బావి పోతుంది. మా చిన్న మోటకు ఇక బావి లేదు. దొర మోట కుట్టడం అయిన రోజు సాయంత్రం నాయిన ఆ చిన్న మోటను ముందు వేసుకుని కత్తి తీశాడు. కోశాడు. దూలానికి వేలాడుతున్న ముక్క కూడా దించాడు. అవ్వకు ఒక జత, అమ్మకు ఒక జత, చివర తనకు ఒక జత చెప్పులు కుట్టాడు. జీవితమంతా ఊరి పాదాలు కొలిచిన మనిషి తన పాదం నేల మీద పెట్టి చుట్టూ బొగ్గుతో గీత గీసుకున్నాడు. గీసుకుని సిగ్గుపడినట్టు నవ్వాడు.

మర్నాడు పొద్దున నాయిన దొర మోటను భుజాన వేసుకుని బయలుదేరాడు. నేను వెనక నడిచాను. గడి తలుపు దగ్గరికి వచ్చాం. నాయిన ఆగలేదు. చెప్పులతోనే గేటు దాటి వాకిట్లోకి పోయి వరండా ముందు మోట దించాడు. చెప్పులు కొత్తవి, కిర్రుమంటున్నాయి. దొర మొదట నాయిన పాదాలు చూశాడు. తర్వాత మోట చూశాడు. సేరిదారు నోరు తెరిచాడు. దొర చెయ్యెత్తి ఆపాడు. ఆయన చెరుకు ఎండుతోంది, మోట తన వాకిట్లో ఉంది, రేపు దానికి కుట్టు వదిలితే వేసేవాడు ఇతనొక్కడే. నాయిన దండం కూడా పెట్టకుండా వెనక్కి తిరిగాడు.

గేటు బయట నేను ఎప్పటిలాగే చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి ఆగాడు. వంగి నా చేతిలోంచి రెండు చెప్పులూ తీసుకుని, గడి ముందే, నా కాళ్ళకు తొడిగాడు.